లేబుల్ మీది చిరునామా

మొదటి ఏడాది కారుచౌకగా ఇచ్చి రెండో ఏడాది గొంతు మీద కూర్చునేవాడు వ్యాపారి కాదు, దొంగ. ఇంటర్నెట్‌లో పేర్లు అమ్మే ఆ కంపెనీ అలాంటిది. దానికి ఫోను లేదు, మనిషి లేడు, మొహం లేదు. ఇందులో వాదించడానికేమీ లేదు. ఆ కంపెనీని ఏరి కోరి ఎంచుకున్నది నేను. ఇందులోనూ వాదించడానికేమీ లేదు.

నేను కుట్టు మిషన్లు బాగుచేస్తాను. నా చదువు ఊరి బడితోనే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లుగా ఒకటే గది, ఒకటే బల్ల. బల్ల మీద నూనె డబ్బా, స్క్రూడ్రైవర్లు, విప్పి పెట్టిన షటిళ్లు. గోడ మేకులకి బెల్టులు. గదిలో వెనక సగం నా భార్యది. ఆవిడ పిల్లల గౌన్లు కుట్టేది. మధ్యలో ఒక గుడ్డ తెర. ఇటు నేను తిట్టేది అటు వినిపించేది, అటు ఆవిడ నవ్వేది ఇటు వినిపించేది.

చవక సూదులు కొనేవాళ్లని నేను ఊరికే వదిలేవాణ్ణి కాదు.

"నాలుగు రోజులకి వంగిపోయే సూది పెట్టి, మిషను కుట్లు వదిలేస్తోందంటే ఎలాగమ్మా? మిషనేం పాపం చేసింది?" అనేవాణ్ణి.

తెర వెనకనుంచి ఆవిడ అనేది: "సూది కొన్నందుకే ఇన్ని తిట్లు. మిషనే చవకది కొనుంటే ఈపాటికి కొట్టేవారు."

వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. నేను నవ్వేవాణ్ణి కాదు.

చనిపోయేముందు ఆరేళ్లపాటు ఆవిడ ఒక వెబ్‌సైటు నడిపింది. గౌను ఎలా కత్తిరించాలి, మెడ ఎంత తియ్యాలి, చంక దగ్గర గుడ్డ ఎందుకు లాగుతుంది, అన్నీ అందులో పాఠాలుగా రాసింది. కాగితం మీద కొలతలు గీసి, ఫొటో తీసి పెట్టేది. రెండువందల పైచిలుకు పాఠాలు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఎక్కడెక్కడి ఆడవాళ్లో చదివి మెయిల్లో ఉత్తరాలు రాసేవాళ్లు. అందరూ "అక్కా" అనే మొదలుపెట్టేవాళ్లు. సైటుకి పేరు పెట్టడానికి ఆవిడ వారం రోజులు ఆలోచించింది. ఆ పేరు ఇక్కడ రాయను.

ఆ పేరునే లేబుళ్ల మీద నేయించింది. బొటనవేలంత తెల్ల పట్టీ, నీలం అక్షరాలు. వెయ్యి చేయించింది. తను కుట్టిన ప్రతి గౌనుకీ మెడ లోపలి వైపు ఒకటి కుట్టేది. అదెందుకని అడిగాను.

"గౌను బాగా లేకపోతే ఎవర్ని తిట్టాలో అడ్రసు ఉండాలి కదా," అంది.

సైటు తయారుచేసి ఇచ్చింది ఆవిడ తమ్ముడు, అంటే నా బావమరిది. రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే కొట్టు వాడిది. ఏది అడిగినా కాసేపు ఆగి చెప్తాడు. అందుకని ఇంట్లో వాడికి నిదానం అని పేరు పెట్టాం.

ఆవిడ పోయిన నాలుగో నెలలో నిదానం నా దగ్గరికి వచ్చాడు. సైటు పేరుకి గడువు దగ్గరపడిందట. ఏటేటా కట్టాలట. పాత కంపెనీకి ఎంత కట్టాలో చెప్పాడు.

"పేరుకి ఏడాదికోసారి అద్దె ఏమిట్రా? అదేమన్నా ఇల్లా?" అన్నాను.

"అంతే బావా. కట్టడం మానేస్తే ఖాళీ చేయించి ఇంకొకడికి ఇచ్చేస్తారు."

"ఇంతకంటే తక్కువకి ఇచ్చేవాడే లేడా?"

ఉన్నారన్నాడు. చూపించమన్నాను. నా బల్ల మీద షటిళ్లు పక్కకి జరిపి తన కంప్యూటరు పెట్టాడు. దాని తెర మీద ఒక కంపెనీ పెద్ద ఎర్ర అంకెల్లో రేటు వేసుకుంది. పాతవాడి రేటులో పదో వంతు.

"ఇది," అన్నాను.

నిదానం కాసేపు ఆగాడు. తర్వాత ఎర్ర అంకె కింద చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టాడు. "ఇది చదువు. ఆ రేటు మొదటి ఏడాదికే. రెండో ఏడాదినుంచి పాతవాడికంటే ఎక్కువ. చూడాల్సింది రెండో ఏడాది రేటు బావా. మొదటిది ఎర."

"రెండో ఏడాది ఇంకొకడి దగ్గరికి పోదాం."

"పోవచ్చు. కానీ వీడు అంత తేలిగ్గా వదలడు. ఇంకోటి, మన ఇంటి అడ్రసూ ఫోను నంబరూ బయటికి కనపడకుండా ఉండాలంటే వీడు వేరే తీసుకుంటాడు. పాతవాడు ఊరికే దాస్తాడు. అన్నిటికంటే ముఖ్యం, వీడికి ఫోను లేదు. ఏదైనా అయితే రాసుకుంటూ కూర్చోవాలి, అవతల జవాబిచ్చేది మిషను."

"మిషన్లతో నాకు అలవాటే," అన్నాను.

వాడు నవ్వలేదు. "చవకవాళ్లందరూ ఇలాంటివాళ్లని నేననను. ముందే అన్ని రేట్లూ చెప్పి, ఏటా అదే తీసుకునేవాళ్లున్నారు. అలాంటివాడొకడు ఉన్నాడు, చూపిస్తా. కొంచెం ఎక్కువ, అంతే."

"ఎక్కువెందుకు? అదంతా నీ కమీషనా?"

వాడు నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు. ఎర్ర అంకెనే నొక్కాడు.

కార్డు నంబరు అక్కడే ఉంచితే ఏటా అదే కట్టేసుకుంటుందన్నాడు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు నా జేబులో చెయ్యి పెట్టుకుంటానంటే పెట్టుకోనిస్తానా? వద్దన్నాను. గడువు ముందు కబురు పంపడానికి మెయిలు అడ్రసు అడిగింది. నాకు లేదు. వాడిది ఇస్తానన్నాడు.

"సైటు నీ అక్కది. ఉత్తరం నీ అక్కకే రానీ."

అక్కడ కూడా వాడు కాసేపు ఆగాడు. "అక్క మెయిలు ఈ పేరు మీదే నడుస్తోంది బావా. పేరు పోతే మెయిలూ పోతుంది. కబురు రావలసిన దారే మూసుకుపోతుంది. ఈ పనికి వేరే అడ్రసు పెట్టాలి."

"పేరు ఎందుకు పోతుంది? గడువుకి ముందే కబురొస్తుందన్నావుగా. నేను చూసుకుంటా. ఆవిడ ఉత్తరాలు నువ్వు చదవడానికి వీల్లేదు."

వాడు ఆవిడ అడ్రసే పెట్టాడు. పాస్‌వర్డు మార్చి కాగితం ముక్క మీద రాసిచ్చాడు. రసీదు కూడా కాగితం మీద కావాలన్నాను, కాగితం లేనిది నేను నమ్మనని. కొట్టుకి వెళ్లి రెండు ప్రతులు తీసి, ఒకటి తెచ్చిచ్చాడు. నా ప్రతి ఎక్కడో పడేశాను. పాస్‌వర్డు చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఆ ఏడాదంతా అది పర్సులోనే ఉంది. ఒకే ఒక్కసారి ఆవిడ మెయిలు తెరిచాను. పైన ఉన్నది ఎవరో అమ్మాయి ఉత్తరం. "అక్కా, బాగున్నారా? చాలా రోజులైంది, కొత్త పాఠం పెట్టలేదే?" అని ఉంది. ఆవిడ లేదని వాళ్లెవరికీ తెలియదు. చెప్పాల్సినవాణ్ణి నేనే. చెప్పలేదు. మూసేశాను. మళ్లీ తెరవలేదు.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం నిదానం గుమ్మంలోకి వచ్చాడు. నేను ఒక మిషను తిరగేసి బెల్టు ఎక్కిస్తున్నాను.

"బావా, అక్క సైటు రావటం లేదు. గడువు దాటిపోయింది. ఇంకా ఇరవై రోజులు టైముంది. జరిమానా కడితే పేరు వెనక్కిస్తారు. నీ పేరు మీద తీసుకున్నాం కాబట్టి నీ సంతకం, గుర్తింపు కాగితం పంపాలి, అంతే."

జరిమానా ఎంతని అడిగాను. చెప్పాడు. ఆ డబ్బు పెడితే ఒక పాత మిషను కొనుక్కోవచ్చు.

"ఈ ఆటలో నీకెంత ముడుతోంది?" అన్నాను.

"బావా, డబ్బు నేను కడతాను. సంతకం ఒక్కటీ పెట్టు."

"అక్క పోయాక కూడా అక్క పేరు చెప్పుకుని బతుకుదామనా? నడు బయటికి."

వాడు కాసేపు నిలబడ్డాడు. తర్వాత వెళ్లిపోయాడు. నేను బెల్టు ఎక్కించాను. మిషను బాగానే నడిచింది.

రెండు నెలల తర్వాత ఒక టీచరమ్మ వచ్చింది. ఆవిడ కూతురికి నా భార్య మూడు గౌన్లు కుట్టిచ్చింది. వస్తూనే సంచిలోంచి ఒక పసుప్పచ్చ గౌను తీసి, లోపలి వైపు బయటికి తిప్పి బల్ల మీద పెట్టింది. లేబుల్ నా వైపు ఉంది.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి," అంది. "మా పిల్లకి కుట్టుపని మీద మనసు పోయింది. ఈ అడ్రసులో పాఠాలుంటాయట కదా అని ఫోనులో కొట్టింది. నేను వంటగదిలో ఉన్నాను. అమ్మా, ఇదేంటో చూడు అని కేకేసింది."

"ఏం వచ్చింది?"

ఆవిడ తెర వైపు చూసింది. తెర అవతల ఇప్పుడెవరూ లేరు. "పేకాట అన్నయ్యగారూ. డబ్బు పెట్టి ఆడేది. దాని పక్కన బొమ్మలు. నేను చెప్పలేను. దానికి పదకొండేళ్లు."

నేను గౌను తిప్పి లేబుల్ లోపలికి పోయేలా పెట్టాను.

"అక్కగారు అలాంటివి పెట్టే మనిషి కాదని నాకు తెలుసు. ఎవరో ఏదో చేసుంటారు. మీకు చెప్పాలి కదా అని వచ్చాను."

గౌను అక్కడే వదిలేసి వెళ్లింది. నేను షాపు మూయకుండానే నిదానం కొట్టుకి నడిచాను. లోపల ముగ్గురున్నారు. ఒకావిడ నాకు తెలుసు, బట్టలు కుడుతుంది. చవక సూదుల గురించి ఎన్నోసార్లు నా చేత తిట్లు తిన్న మనిషి.

"ఒరే దొంగా," అన్నాను గుమ్మంలోంచే. "అక్క పేరు జూదగాళ్లకి అమ్ముకున్నావురా. ఎంతకి అమ్మావు?"

అందరూ నా వైపు తిరిగారు. వాడు చేతిలో వైరు కింద పెట్టాడు.

"కూర్చో బావా."

"కూర్చోను. ఎంతకి అమ్మావో చెప్పు."

వాడు సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. రసీదు రెండో ప్రతి. నా ముందు పెట్టి, కబుర్లు వెళ్లే అడ్రసు ఉన్న వరస మీద వేలు పెట్టాడు. నేను ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే కూడబలుక్కుంటూ చదివాను. ఆవిడ అడ్రసు.

"చీటీ నీ దగ్గరుందా?" అన్నాడు.

పర్సులోంచి తీసిచ్చాను. ఏడాది మడతలకి చీటీ నాలుగు ముక్కలు కావడానికి సిద్ధంగా ఉంది. వాడు కంప్యూటరులో ఆవిడ మెయిలు తెరిచాడు. పేరు పోయాక కొత్తవి రాలేదు, అంతకుముందు వచ్చినవి మాత్రం మెయిలు నడిపేవాళ్ల దగ్గర అలాగే ఉన్నాయి. నూటపధ్నాలుగు ఉత్తరాలు, ఒక్కటి తప్ప ఏవీ తెరిచినవి కావు. అక్కా, అక్కా, అక్కా. అవి కాక, వాటి మధ్యలో కంపెనీవి ఇంకో ఏడు. మొదటిది గడువుకి రెండు నెలల ముందు వచ్చింది. చివరిది గడువు రోజున.

వాడు ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

"ఇప్పుడు ఈ ఉత్తరాలవాళ్లు మళ్లీ ఆవిడకి రాస్తే?" అని అడిగాను.

"పేరు ఎవరిదైతే వాళ్లకి పోతాయి."

ఆ బట్టలు కుట్టే ఆవిడ తన కుర్చీలోంచి లేచి నా వైపు జరిపింది. "కూర్చోండి మాస్టరుగారూ. చవక అంటే ఎవరం పడిపోం? నేను సూదుల దగ్గర పడలేదూ?" అంది. దెప్పలేదు. మంచిగానే అంది. నేను కూర్చోలేదు. అక్కడ నిలబడనూ లేకపోయాను.

వాణ్ణి దొంగన్న మాట ముగ్గురి ముందు అన్నాను. తప్పు నాదన్న మాట ఆ ముగ్గురి ముందూ అనలేదు. వచ్చేశాను.

పేరు పట్టేసిన ఆ కొత్తవాడి దగ్గర దాన్ని తిరిగి కొందామని నిదానం రాసి చూశాడట. వాడడిగిన ధరకి నా షాపూ నిదానం కొట్టూ కలిపి అమ్మినా చాలదు. ఆ కబురు కూడా ఒక కాగితం మీద రాసి, నేను లేనప్పుడు బల్ల మీద పెట్టి పోయాడు.

ఆవిడ ఆర్డర్ల పుస్తకం తెర వెనక అలాగే ఉంది. ఎవరికి ఏం కుట్టిందో, ఏ వీధో అన్నీ రాసుకుంది. మర్నాటినుంచి కుట్లు విప్పే కత్తి జేబులో వేసుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. వాళ్ల ముందుగదుల్లో కూర్చుని గౌన్ల మెడల్లోంచి లేబుళ్లు విప్పాను. ఆవిడ కుట్టు సన్నం. ఒక్కో లేబులుకి నాలుగు వైపులా కుట్టేది. గట్టిగా లాగితే గుడ్డ చిరుగుతుంది, అందుకని ఒక్కొక్క కుట్టే తెంపాలి.

ఎందుకని అడిగారు. "పిల్లల మెడకి గుచ్చుకుంటోందట," అన్నాను. ఒక ఇంట్లో పిల్ల, "నాకేం గుచ్చుకోదు, ఉంచండి తాతా," అంది. తీసేశాను. పిల్ల ఏడ్చింది.

మూడు వందల నలభై లేబుళ్లు వచ్చాయి. కొన్ని ఇళ్లవాళ్లు ఇల్లు మారిపోయారు. కొన్ని గౌన్లు ఎవరెవరికో ఇచ్చేశారు. అవి ఎక్కడ ఎవరి మెడ దగ్గరున్నాయో నాకు తెలియదు.

పాఠాలన్నీ నిదానం దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని వేరే పేరు కింద మళ్లీ పెట్టాడు. ఫోను చేస్తే మనిషి పలికే కంపెనీ దగ్గర కొన్నాడు, పదేళ్లకి ఒకేసారి కట్టాడు. మొదటి పేజీలో అక్క పోయిందని రాశాడు. ఆ నూటపధ్నాలుగు ఉత్తరాలకీ తనే జవాబులు రాశాడు. కొత్త పేరు ఏమిటో నాకు చెప్పాడు. నేను ఇంతవరకు చూడలేదు. వాడు ఇప్పటికీ నన్ను బావా అనే పిలుస్తాడు. నేను వాడి కొట్టున్న వీధిలోంచి నడవను.

మొన్న ఒకామె మిషను తెచ్చింది. అది విప్పుతుంటే అడిగింది: "అవునూ, అక్క వెబ్‌సైటు ఉండేది కదండీ, అదేమయింది?"

"ఏ వైపు కుట్టు వదిలేస్తోంది? పైనా, కిందా?" అన్నాను.

"అది కాదండీ, ఆ సైటు..."

"మిషను గురించి చెప్పండి," అన్నాను.

రాయాల్సింది ఒకసారి రాశాను. ఇక ఎవరడిగినా నా జవాబు అదే. ఈ సంగతి ఇంకెప్పుడూ నా నోట రాదు.