తొట్టెల బరువు

నిచ్చెన మీద బీక్యా నాలుగో బోల్టు బిగిస్తున్నాడు. కింద అతని భార్య తుల్సీబాయి ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఇంకో చేత్తో జోలెలోని బిడ్డను అదుముకుని నిలబడింది. నిచ్చెన పట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కి ఎప్పుడో తనది కాకుండా పోయింది. సకల జనుల సమ్మెతో బస్సులు బందు. నర్మెట్ట అవతలి తండా నుంచి జనగామ దాకా సగం దారి ట్రాక్టర్లో, సగం దారి నడిచి వచ్చారు. కాళ్లూ అట్లాగే ఉన్నాయి. నొప్పి అని చెప్పుకోవాలన్నా ఏదో ఒకటి తెలియాలి కదా, ఆమెకు ఏమీ తెలియడం లేదు.

కొత్త ఫంక్షన్ హాలు రాంచందర్‌ది. ఊళ్లో భూములు, పట్నంలో వ్యాపారం ఉన్న ఆసామి. హాల్లో మొదటి శుభకార్యం సొంత మనవరాలి తొట్టెల వేడుక. పట్టుగుడ్డ పరిచిన ఉయ్యాల, ఇత్తడి గొలుసులతో హాలు నడిమధ్య సీలింగుకే వేలాడాలని ఆయన పట్టు.

ఆ సీలింగే హాలుకు అందం. తెల్లటి జిప్సం షీట్లు, అంచుల్లో పూలు, దాగిన దీపాలు. షీటు వెనక సన్నని రేకు చట్రం, దానిపైన జానెడు ఖాళీ, అది దాటితేగానీ స్లాబు తగలదు. పైన పటారం లోన లొటారం అన్న మాట, ఎవరో ఇలాంటి కప్పు కింద నిలబడే అని ఉంటారు.

బీక్యా దిగాడు. "పటేలా, గీ రెక్కల బోల్టులు లైట్లకు మంచియే. షీటు పైన రెక్క ఇప్పుకోని ఆగుతది. గని బరువంత షీటు మీదనే పడుతది. షీటంటే ఉత్త సుద్ద. ఊగే తొట్టెలను గది మొయ్యది. స్లాబుకు తొలిచి ఇనుప ఫాస్టనర్ కొట్టాలె, రాడ్లు కిందికి దింపాలె."

పొద్దున్నుంచి ఈ మాట అనడం ఇది మొదటిసారి కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"ఏడ తేవాలెరా ఫాస్టనర్లు? దుకాన్లన్ని బందు."

"మీరొక్క మాటంటే సేటు ఎనక తలుపు తీస్తడు. వాటి ఖర్చు మా ఇద్దరి ఒక్కనాటి కూలంత గూడ గాదు పటేలా."

"నేనే బందు పెట్టిచ్చి నేనే షట్టర్ లేపిస్తే, నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఆ ఇజ్జత్ ఆయన మెడలో కండువాగా వేలాడుతోంది. పొద్దున చౌరస్తాలో దీక్షా శిబిరం ముందు ఆయన ఆత్మగౌరవం గురించి మాట్లాడితే జనం చప్పట్లు కొట్టారు. బీక్యా కూడా కొట్టాడు, మనసారానే కొట్టాడు. తెలంగాణ వస్తే తండాకు రోడ్డు వస్తుందని అతని నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు.

రాంచందర్ తొట్టెలను ఒకసారి ఊపాడు. గొలుసు కిర్రుమంది. పైనుంచి ఇంత తెల్లపొడి రాలి పట్టుగుడ్డ మీద పడింది. ఆయన దాన్ని దులిపేశాడు.

"ఆగింది గద?"

"ఖాళీది గద పటేలా. సిమెంటు బస్తా ఏసి ఊపి చూద్దాం. ఆగితే ఆగినట్టు."

"బస్తా ఏస్తే పట్టు ఖరాబ్ గాదా?" రాంచందర్ చుట్టూ చూశాడు. చూపు తుల్సీబాయి జోలె దగ్గర ఆగింది. "మీ బిడ్డ ఉన్నది గద, జర ఏసి ఊపున్రి. మా మేఘన కూతురికంటె బరువే ఉంటది."

కోపంగా అనలేదు. మంచినీళ్లు అడిగినంత మామూలుగా అన్నాడు. పక్కనే పసుపుకుంకుమల పళ్లెంతో ఉన్న ఆయన భార్య సుశీలమ్మ, "అడుగున తువ్వాల ఎయ్యున్రి, మరకలైతయి," అంది.

బీక్యా చేతులు చాచాడు. ఏళ్ల తరబడి పటేలు తెమ్మన్నది తెచ్చిన చేతులవి, ఆలోచన కంటే ముందే సాగుతాయి. "ఇయ్యి. కింద నేను చెయ్యి పెడతా," అన్నాడు తమ లంబాడీ బోలీలో, భార్య ముఖం చూడకుండా.

తుల్సీబాయి ఆ చేతుల్ని చూసింది. గోళ్ల నిండా సుద్ద. ఆ బోల్టులు బిగించింది ఈ చేతులే, ఆగదని చెప్పింది ఈ మనిషే. ఆమెకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. బిడ్డ వెచ్చదనం ఒక్కటే రొమ్ముకు తెలుస్తోంది.

"ఇయ్యను," అంది. బోలీలో కాదు, అందరికీ అర్థమయ్యేలా తెలుగులో.

"ఏందే?" అన్నాడు రాంచందర్.

"ఇయ్యను పటేలా. పైన ఏం లేదు. ఉత్త గాలి."

"గట్లయితే కూలి గూడ లేదు. నడువున్రి."

"పోతం," అంది గానీ కదల్లేదు.

బయట కారు ఆగింది. రాంచందర్ కూతురు మేఘన బిడ్డను ఎత్తుకుని లోపలికి వచ్చింది. పసిపిల్ల నిద్రలో పెదాలు చప్పరిస్తోంది. సుశీలమ్మ పళ్లెం దించి, తొట్టెల దగ్గరికి నడిచి మనవరాలి కోసం చేతులు చాచింది. ఎవరూ పైకి చూడలేదు.

తుల్సీబాయి నిచ్చెన వదిలేసి వచ్చి తొట్టెల మీద అడ్డంగా చెయ్యి పెట్టింది. నిచ్చెన నుంచి సుద్ద అంటిన చెయ్యి, పట్టుగుడ్డ మీద.

"చెయ్యి తియ్యి," అన్నాడు రాంచందర్.

బీక్యా పటేలును చూశాడు, భార్యను చూశాడు. వంగి రెంచి అందుకున్నాడు. బోల్టులు విప్పడానికి నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. నిచ్చెన కదిలింది. దాన్ని పట్టుకోవడానికి ఈసారి కింద ఎవరూ లేరు. ఆమె చెయ్యి తొట్టెల మీదే ఉంది.