యర్రమ్మ గొంతు దాచిన డిస్కు

అరుణకుమారి ఆ ఆదివారం భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమె ఇల్లు అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న బ్రూక్షాబాద్‌లో. పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక బడిలో లెక్కల టీచరు. బడికి కొత్తగా వచ్చిన కంప్యూటర్లన్నిటిలో విండోస్‌కు బదులు లినక్స్ అనే వ్యవస్థ ఉంది. సోమవారం నుంచి దాన్ని పిల్లలకు నేర్పే పని ఆమె మీద పెట్టారు. ఆమెకేమో విండోస్ తప్ప మరొకటి తెలియదు. హార్డ్ డిస్కును రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో విండోస్‌ను అలాగే ఉంచి, రెండోదాంట్లో లినక్స్ వేసుకోమని తోటి టీచర్ శారదాదేవి ఒక సీడీ ఇచ్చింది.

భర్త సత్యారావు ఇప్పుడే వద్దన్నాడు. అతను దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజన్ గదిలో పనిచేస్తాడు. చెన్నై నుంచి ఇంకో డిస్కు తెప్పిస్తున్నానని, అన్నీ అందులోకి ఎక్కించుకున్నాకే దీన్ని ముట్టుకోమని మరీ మరీ చెప్పి ఓడ మీద క్యాంప్‌బెల్ బే రేవుకు వెళ్లాడు. అతని భయానికి కారణం ఉంది. ఆ డిస్కులో అతని తల్లి యర్రమ్మ గొంతు ఉంది.

యర్రమ్మకు గొంతులో క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయితే ఇక మాట రాదని డాక్టర్లు ముందే చెప్పారు. చెన్నై తీసుకెళ్లే ముందు సత్యారావు ఒక మైకు కొని తల్లి ముందు పెట్టాడు. ఆమె సాయంత్రాలు కూర్చుని, తన తండ్రి కళింగపట్నం వైపు నుంచి వచ్చి ఓడ దిగిన సంగతి, అడవి కొట్టి ఇళ్లు వేసుకున్న సంగతి, చేపల వేటకెళ్లి తిరిగిరానివాళ్ల పేర్లు, తనకొచ్చిన పాటలు అన్నీ చెప్పింది. ఆపరేషన్ బాగానే జరిగింది. మనిషి దక్కింది. అప్పటినుంచి ఇంట్లో ఆమె సైగలే మాటలు.

ఇంట్లో కంప్యూటర్ సీడీలు చదువుతుంది గాని రాయదు. అరుణకుమారి పెన్ డ్రైవ్‌లో పట్టినన్ని రికార్డింగులు ఎక్కించింది. సగానికి పైగా పట్టక డిస్కులోనే ఉండిపోయాయి. రేపు పొద్దున్నే పిల్లల ముందు తెల్లమొహం వేయడం తలచుకుంది. ఏమీ కాదులే అనుకుంది.

సీడీ వేసి, విండోస్ ఉన్న భాగాన్ని కుదించమనగానే తెర మీద హెచ్చరిక వచ్చింది. మధ్యలో ఆగితే ఉన్నదంతా పోవచ్చట. ఒక్క క్షణం ఆగి, సరే అని నొక్కింది. నీలం గీత నత్తలా జరగసాగింది. అది సగానికి చేరిందో లేదో, తల మీద ఫ్యాను ఆగిపోయింది.

కరెంటు పోయింది. బల్ల కింద యూపీఎస్ కూత మొదలుపెట్టింది. దాని బ్యాటరీ పాతది, కొద్ది నిమిషాలకు మించి నిలవదు. ఆమె చప్పున మానిటర్ ఆపేసింది. అది తినే కరెంటు మిగిలితే డిస్కుకు ఇంకాస్త ఊపిరి దొరుకుతుంది. ఇప్పుడిక పని ఎంతవరకు వచ్చిందో కనబడదు. డిస్కు పనిచేస్తోందని చెప్పే చిన్న ఎర్రదీపం మాత్రం పెట్టె ముందు మినుకుమంటోంది.

కరెంటాఫీసుకు ఫోన్ చేస్తే, ఎప్పుడొస్తుందో చెప్పలేమని హిందీలో చెప్పి పెట్టేశారు. సత్యారావు ఫోన్ సముద్రం మీద పలకదు.

పెరట్లోంచి యర్రమ్మ వచ్చి కోడలి ముఖం చూసింది. ఏమైందన్నట్టు చెయ్యి తిప్పింది.

"అత్తా, ఇది ఇప్పుడు ఆగిపోతే నీ రికార్డింగులు పోతాయి. ఆయన వద్దన్నా నేనే మొదలెట్టాను," అంది అరుణకుమారి.

యర్రమ్మ కళ్లు ఒకసారి ఆ ఎర్రదీపం మీద నిలిచాయి. మరుక్షణం చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచింది.

పక్కింటి రమణయ్యది ఐసు, కూల్‌డ్రింకుల దుకాణం. జనరేటర్ అప్పటికే దడదడలాడుతోంది. నీళ్ల పైపు గొడవ తర్వాత ఆ రెండిళ్లకూ మాటల్లేవు. కిటికీలోంచి అరుణకుమారి చూస్తూ ఉంది. అత్త జనరేటర్ చూపించింది, తమ ఇల్లు చూపించింది. రమణయ్యకు ఏమీ అర్థం కాలేదు. చివరికి అతని మణికట్టు పట్టుకుని లాక్కొచ్చింది.

"ఏటైనాది బేటీ?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"ఈ కంప్యూటర్ ఆగకూడదు బాబాయ్. బ్యాటరీ అయిపోతోంది. నీ జనరేటర్ లైను కావాలి."

అతను ఇంకేమీ అడగలేదు. దుకాణంలోంచి పొడుగు వైరు తెచ్చి గోడ మీదుగా విసిరాడు. అరుణకుమారి యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి పీకి దానికి తగిలించింది. యూపీఎస్ టక్కుమని ఆ లైను అందుకుంది, వెంటనే మళ్లీ బ్యాటరీకి మారిపోయింది. ఇంకోసారి టక్కుమంది. అదీ నిలవలేదు. కూతల మధ్య ఎడం తగ్గిపోతోంది.

"జనరేటర్ మీద ఫ్రిజ్‌ల లోడున్నాది. బంద్ చేసీసి వస్తాను, నువ్వు కదల్చకు," అని రమణయ్య పరుగెత్తాడు.

కూత ఎడతెగని అరుపైంది. అరుణకుమారి రెండు చేతులూ పెట్టె మీద ఆనించి కూర్చుంది, పట్టుకుంటే ఆగదన్నట్టు. అవతల జనరేటర్ చప్పుడు తేలికపడింది. టక్కుమన్న శబ్దం. అరుపు ఆగింది. ఎర్రదీపం ఇంకా మినుకుమంటూనే ఉంది.

మానిటర్ వేయడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. యర్రమ్మే వంగి మీట నొక్కింది. నీలం గీత కొసకు దగ్గరపడింది.

గీత పూర్తయ్యాక, లినక్స్ జోలికి పోకుండా ముందు విండోస్ తెరిచింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరుసగా పరుగెత్తాయి, డిస్కును తడిమి చూసుకుంటున్నట్టుగా. చాలాసేపటికి మామూలు తెర వచ్చింది. పెన్ డ్రైవ్‌లో పట్టని రికార్డింగుల్లో ఒకటి తెరిచింది.

"మా అయ్య ఓడ దిగినప్పుడు ఇక్కడేటున్నాది? జంగిలే జంగిలి," అంది యర్రమ్మ గొంతు, గది నిండేలా.

గుమ్మంలో రమణయ్య తల వంచుకుని విన్నాడు.

"గోడ మీద నుంచి నన్ను తిట్టింది ఈ గొంతే," అన్నాడు. "ఆపరేషనని ఇన్నాక ఒకసారి వచ్చి పలకరించాల. రాలేదు. మాఫ్ కర్నా దీదీ."

యర్రమ్మ అతన్నలా చూసి, మంచం మీద చోటు చూపించింది. తర్వాత కోడలి చెయ్యి మీద చెయ్యి వేసి రికార్డింగు ఆపించింది. వినవా అత్తా అని అరుణకుమారి అడిగితే తల అడ్డంగా ఊపింది. శారదాదేవి ఇచ్చిన సీడీ తీసి కోడలి చేతిలో పెట్టి, నీ పని కానివ్వమన్నట్టు తెర చూపించి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

పొద్దువాలేసరికి కరెంటు వచ్చింది, లినక్స్ కూడా తెరుచుకుంది. ఓడ రేవు చేరాక సత్యారావు ఫోన్ చేశాడు. అరుణకుమారి ఏదీ దాచలేదు. నేను వచ్చేదాకా ఆగాల్సింది అన్నాడు. అవును, ఆగాల్సింది అంది ఆమె. ఏదీ, ఒకటి వినిపించమన్నాడు. ఆమె ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టి, రికార్డింగులున్న విండోస్‌ను మళ్లీ తెరవడం మొదలుపెట్టింది.