రెండో జాబితా

రేఖా మేడం పేరెత్తితే చాలు, కృపాకుమారికి ఒళ్ళు మండేది. ఆ మంట శిక్షణ మొదటి రోజే అంటుకుంది.

అనంతపురంలో పన్నెండు రోజుల శిక్షణ అది. తెలివి బాగానే ఉండి, చదవబోతే మాత్రం అక్షరాల దగ్గర కాలు జారే పిల్లలుంటారు. దాన్ని డిస్లెక్సియా అంటారని ప్రత్యేక ఉపాధ్యాయులందరికీ తెలుసు. కానీ పరీక్ష పెట్టి తేల్చి, కాగితం మీద సంతకం పెట్టే అర్హత అందరికీ లేదు. ఆ అర్హత కోసమే రెండు జిల్లాల నుంచి ముప్పై మంది వచ్చారు. ఒక్కొక్కరూ లేచి పరిచయం చేసుకుంటుంటే కృపాకుమారి కాస్త గర్వంగానే లేచింది.

"సోమందేపల్లె మండలంలో పదకొండేండ్ల నుంచి బడి బడీ తిరుగుతాండాను మేడం. ఏ పిల్లకు ఏం రాదో మొగం చూసి చెప్తాను."

శిక్షణ ఇచ్చే రేఖా మేడం కళ్ళద్దాల మీదుగా చూసింది. "తిరగడం వేరు, తెలియడం వేరు. మొగం చూసి చెప్పేదాన్ని జోస్యం అంటారు. ఈడ నేర్పేది అది కాదు."

హాలంతా నవ్వింది. నవ్వినవాళ్ళు టీ వేళకు ఆ సంగతి మరిచిపోయారు. కృపాకుమారి మరిచిపోలేదు. రేఖా మేడం బెంగుళూరులో చదివి, కారులో వచ్చి కారులో పోయే మనిషి. వాళ్ళకు ఊళ్ళో ఎన్ని బోర్లున్నాయో ఆమెకే లెక్క తెలియదు. కృపాకుమారి నాయన అలాంటివాళ్ళ దానిమ్మ తోటల్లో గుంతలు తవ్విన మనిషి. గుంతలు తవ్వినవాడి కూతురు ఆ నవ్వును మూటకట్టుకుని రోజూ హాస్టలుకు మోసుకుపోయేది. రాత్రి విప్పి చూసుకునేది, పొద్దున మళ్ళీ కట్టుకుని వచ్చేది. ఉగ్గాని తింటూ పక్కన కూర్చున్న శశికుమార్‌తో రోజూ అదే పాట.

"ఆయమ్మకు మనం గెలిచేది ఇష్టం ల్యాదప్పా. చూస్తాండు, కడాకు నన్ను తోసేస్తాది."

"ఊరికే ఉండక్కా. నీకు కోపం ముక్కు మీదనే ఉంటాది," అనేవాడు కదిరి నుంచి వచ్చిన ఆ శశికుమార్.

ఆఖరి రోజున ప్రతి ఒక్కరూ తమ మండలం నుంచి ఒక పిల్లనో పిల్లవాడినో తెచ్చుకుని పూర్తి పరీక్ష చేసి చూపించాలి. కృపాకుమారి అక్కమ్మను రమ్మంది. అక్కమ్మ పదో తరగతి, ఆరు నుంచీ ఆమె దగ్గరే చదవడం నేర్చుకుంటోంది. అక్కమ్మగార్లకు మొక్కుకున్నాక పుట్టిందని పాత పేరే పెట్టారు గానీ, పిల్ల మాత్రం మహా చురుకు. సైన్సు పాఠం ఒక్కసారి వింటే అప్పజెప్పేది. పుస్తకం చేతికిస్తే మాత్రం బోర్డు చదవలేని ముసలమ్మ బస్సుల మధ్య నిలబడ్డట్టు నిలబడేది. ఇన్నేళ్ళూ చెవులతోనే నెట్టుకొచ్చింది. మార్చిలో పబ్లిక్ పరీక్ష. డిస్లెక్సియా ఉందని కాగితం వస్తే రాసిపెట్టే మనిషినిస్తారు, గంట ఎక్కువ సమయమిస్తారు. పేర్ల జాబితా డిసెంబరు మొదట్లోనే పోతుంది. కాగితం రాకపోతే అక్కమ్మ తప్పడం ఖాయం, తప్పితే చదువుకు సున్నా చుట్టినట్టే. ఈ మాట కృపాకుమారే ఆ పిల్ల నాయన రంగన్నకు చెప్పి, వేరుశెనగ బుడ్డల కోత మధ్యలో పని మానిపించి పిలిపించింది.

ఆ పరీక్షలో గట్టిది ముప్పై మాటల జాబితా. అవేవీ నిజం మాటలు కావు. తోబద, రిపణం, గమిలు... అర్థం పర్థం లేనివి. తెలిసిన మాటలైతే పిల్లలు ఊహించో గుర్తుపెట్టుకునో దాటేస్తారు. ఇక్కడ అక్షరాన్ని చదివి తీరాలి, దొంగదారి లేదు. పరీక్ష పెట్టేవాళ్ళు తల ఊపకూడదు, సాయం చేయకూడదు, ముఖం గోడలా ఉంచాలి. పన్నెండు రోజులూ రేఖా మేడం దీన్నే నూరిపోసింది.

చిన్న గదిలో కృపాకుమారి, అక్కమ్మ, బల్ల మీద వీడియో తీసే ఫోను. అంతే. పది నిమిషాల్లో అయిపోయింది. సరైన మాటలకు పెట్టిన గీతలు లెక్కపెట్టుకుని కృపాకుమారి నోరు తెరిచింది. ముప్పైకి ఇరవై రెండు! ఏ కష్టమూ లేని పిల్లలకు వచ్చే మార్కులవి. అక్కమ్మ ముఖం వెలిగిపోతోంది.

"బాగా చదివినానా టీచర్?"

"చదివినావులే," అంది కృపాకుమారి. లెక్క తప్పిందేమోనని గీతలు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

మధ్యాహ్నం హాలులో అందరి కాగితాలూ చూస్తూ రేఖా మేడం ఆమె కాగితం పక్కన పెట్టింది. "ఈ మార్కులతో డిస్లెక్సియా అని రాయడానికి లేదు. కానీ మీరు సంతకం పెట్టేముందు వీడియో ఒకసారి చూడండి. నేను చూసినాను. నా గదికి రండి, ఇద్దరం చూద్దాం."

ఇద్దరం చూద్దాం అనేసరికి కృపాకుమారికి పన్నెండు రోజుల మూట ఒక్కసారిగా విడిపోయింది.

"గదిలో ఎందుకు మేడం? ఆ పిల్లకు చదువు రాదని మండలంలో కుక్కను అడిగినా చెప్తాది. మీ జాబితాలోనే ఏదో తప్పుండాది. దాన్ని కప్పిపుచ్చేకి నన్ను గదిలోకి పిలుస్తాండారు. మా పల్లె పిల్లలకు కాగితం ఇయ్యడం మీకు ఇష్టం ల్యాదు. ఈడ పెట్టండి వీడియో. అందరూ చూడనీ!"

"కృపాకుమారీ, నా మాట వినండి."

"ఇన్నాళ్ళూ వింటిమి కదా. పెట్టండి!"

శశికుమార్ చెయ్యి పట్టి కూర్చోబెట్టబోయాడు. ఆమె విదిలించింది. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనని చెప్పేవాళ్ళెవరూ ఆ హాలులో లేకపోయారు. రేఖా మేడం ఫోనుకు తీగ తగిలించి తెర మీద పెట్టింది.

తెర మీద అక్కమ్మ. ఎదురుగా కృపాకుమారి. పిల్ల కాగితం వంక ఒక్కసారి చూసి, తల ఎత్తి టీచర్ ముఖం చూసింది. టీచర్ పెదాలు కదిలాయి. శబ్దం ఉందో లేదో అన్నంత సన్నగా 'తో' అంది. పిల్ల "తో... తోడ..." అంది. టీచర్ కదల్లేదు. "తోబ... తోబద." టీచర్ తల ఊగింది. తరువాతి మాటకు 'రి' అని పెదాలు. మళ్ళీ వెతుకులాట, మళ్ళీ తల ఊపడం. ఇలా ముప్పై మాటలు. పిల్ల కళ్ళు కాగితం మీద ఉన్నది తక్కువ, టీచర్ నోటి మీద ఉన్నది ఎక్కువ.

పదకొండేళ్ళుగా నలభై మంది పిల్లల ముందు చేసిన పని అది. మొదటి అక్షరం అందించడం, సరిగ్గా అంటే తల ఊపడం. మంచి టీచరని పేరు వచ్చిందే దానితో. ఎప్పుడు ఒంటికి పట్టిందో ఆమెకే తెలియదు. గదిలో తన ముఖం గోడలాగే ఉందనుకుంది పాపం!

ఎవరూ నవ్వలేదు. మొదటి రోజులా నవ్వి ఉంటే బాగుండేదని కృపాకుమారికి అనిపించింది.

"మీరు చేసింది పాఠం, పరీక్ష కాదు," అంది రేఖా మేడం. గొంతులో జాలి లేదు. "రెండు దారులుండాయి. మీరు సంతకం పెడితే ఈ మార్కులే నిలుస్తాయి. పైవాళ్ళు కాగితం మీద లెక్కే చూస్తారు, అందులో తప్పు ల్యాదు కాబట్టి మీకు సర్టిఫికెట్ వస్తాది. పిల్లకు ఏమీ ల్యాదని రికార్డు అవుతాది. ల్యాకపోతే, 'నేను సాయం చేసినాను, ఈ పరీక్ష చెల్లదు' అని మీ చేత్తో రాసివ్వండి. అప్పుడు ఇంకో మనిషి వేరే మాటలుండే రెండో జాబితాతో చేయచ్చు. కానీ మీరు తప్పినట్టే. ఇంకో బ్యాచి ఎప్పుడో నాకు తెల్దు."

"ఇంకో మనిషంటే ఎవరు?"

"నేనే."

గోరుచుట్టు మీద రోకటి పోటు. కృపాకుమారి కాగితం లాక్కుని రాసింది. రాసి, బల్ల మీద విసిరినట్టే పెట్టింది. "తీసుకోండి. మీకు కావాల్సింది ఇదే కదా."

"నాకేం కావాలో మీకు తెల్దు," అని రేఖా మేడం అక్కమ్మను లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది.

వరండాలో రంగన్న తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. "మల్లా ఎందుకమ్మా పరీచ్ఛ? పొద్దున బాగానే చదివినాదంటిరి కదా," అన్నాడు. కృపాకుమారి కిటికీ వైపు తిరిగింది. కిటికీ సందులోంచి లోపల కనిపిస్తోంది. రేఖా మేడం ముఖంలో ఒక్క గీత కదలడం లేదు. అక్కమ్మ ఆ ముఖంలో వెతుకుతోంది, ఏమీ దొరకడం లేదు. కాగితం వంక చూస్తోంది, అక్కడా దొరకడం లేదు. ఐదో మాట దగ్గర పిల్ల కళ్ళు తుడుచుకుంది. లోపలికి దూకి ఆ అక్షరం అందించాలని కృపాకుమారికి ప్రాణం కొట్టుకుంది. కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. రాక్షసి, రాక్షసి అని లోలోపల తిట్టుకుంది. ఆ రాక్షసి చేసేదే సరైన పని అని తెలుస్తుంటే తిట్టు ఇంకా గట్టిగా వచ్చింది.

తలుపు తెరుచుకుంది. "మూడు," అంది రేఖా మేడం. "మిగతా పరీక్షలు కూడా కలిపి రాస్తాను. కాగితం వస్తాది. డిసెంబరు జాబితాలో పేరుంటాది."

రంగన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అక్కమ్మ మాత్రం ఎర్రబడిన కళ్ళతో నేరుగా కృపాకుమారి ముందుకు వచ్చి నిలబడింది.

"పొద్దున ఇరవై రెండు వచ్చినాయి కదా టీచర్. ఇప్పుడు మూడేనా?"

"ఈ మూడుతోనే నీకు రాసిపెట్టే మనిషి వస్తారమ్మా. పాసవుతావు."

"అది కాదు. ఆ ఇరవై రెండు ఎవురివి?"

అబద్ధం చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. కృపాకుమారి నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"నావి," అంది.

అక్కమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "ఆరో తరగతి నుంచి చదువు వస్తాందని మా నాయనకు చెప్పుకుంటాంటి," అని గబుక్కున రేఖా మేడం వైపు తిరిగింది. "మేడం, మీరు నేర్పిస్తారా నాకు? మీరు ఊరికే బాగుందని చెప్పరు."

"నాకు పరీక్ష పెట్టడమే వచ్చు. నేర్పడం రాదు," అంది రేఖా మేడం ముఖం తిప్పుకుంటూ. "నేర్పేది ఆయమ్మే. వేరే గతి ల్యాదు."

గతి లేదన్న మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది ఇద్దరికీ. అక్కమ్మ ముక్కు ఎగబీల్చుకుని, నాయన చేతిలోంచి సంచి తీసుకుని మెట్లు దిగింది. కింది మెట్టు మీద ఆగింది.

"సోమారం బడికి వస్తారా టీచర్?"

"వస్తాను."

"నాకు చెప్పద్దండి. ఎంతసేపైనా సరే, నన్నే చదవనీండి. తప్పైతే తప్పు అనండి."

కృపాకుమారి సరేనని తల ఊపబోయి ఆపుకుంది. అక్కమ్మ అది చూసింది, నవ్వలేదు. తండ్రీ కూతుళ్ళు బస్టాండు వైపు నడిచిపోయారు.