ఎమ్ గడిలో ఓతిలియా

నది ఊళ్ళోకొచ్చిన మూడో రోజుకి, శనివారం, మా కాలేజీ కంప్యూటర్ గదిలో దొరికినవాళ్ళ జాబితా తయారైంది. నేనూ యాదిరా కలిసి ఒక్క పూటలో కట్టిన వెబ్ పేజీ అది. యాదిరా నాకంటే ఏడాది పెద్దది, తెలివిలో వందేళ్ళు పెద్దది. ఆసుపత్రులూ సహాయ శిబిరాలూ పంపిన వివరాల్లో మనుషులు రెండువేల పైచిలుకు. సగంమందికి పేరే లేదు. స్పృహలో లేనివాళ్ళని పేరు అడిగితే ఏం చెప్తారు? అందుకని నేను పేజీ పైన ఏడు గడులు పెట్టాను: ఆడా మగా, వయసు, ఊరు, జుట్టు, గాయాలు, అలా. జావాస్క్రిప్టులో ఒకే ఒక్క లైను. అన్ని షరతులూ ఒకేసారి నిజమైతేనే మనిషి తెరమీదికి వస్తాడు. ఒక్కటి తప్పినా మాయం. ఏడూ నింపితే దేవుడు కూడా దొరకడు, అంత గట్టి ఫిల్టరని గొప్పలు చెప్పుకున్నాను.

ఆదివారం నుంచీ దోన్ మెలితోన్ పొద్దున్నే ఎనిమిదింటికల్లా వచ్చి కూర్చునేవాడు. దోన్ అంటే మా దగ్గర ‘గారు’. ఆయన టాక్సీ నడుపుతాడు. ఆ టాక్సీ ఇప్పుడు ఎవరిదో మామిడిచెట్టు మీద ఉంది, పార్కింగు ఉచితం. ఆయన వెతుకుతున్నది భార్య ఓతిలియాని.

"ఆడ. అరవై పైన. మా ఊరు. నెరిసిన జడ. కుడిచేతి చిటికెన వేలు లేదు, మొక్కజొన్న పిండిమరలో పోయింది," అని మంగళవారం కూడా అప్పజెప్పాడు.

"సున్నా, దోన్ మెలితోన్."

"నీ యంత్రం మా అత్తగారికంటే చాదస్తంగా ఉందే, ఇంజె. కాస్త పట్టు సడలించు."

మా దగ్గర కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివాడూ ఇంజనీరే, పట్టా రావడానికి ఇంకా రెండేళ్ళున్నా సరే.

ఊరు తీసేశాను. సున్నా. వయసు తీసేశాను, నర్సులు దాన్ని కళ్ళతోనే కొలుస్తారు కదా. సున్నా. జడ తీసేశాను, తల గొరిగేసి ఉండొచ్చని. సున్నా. మొదటి గడిని మాత్రం ముట్టుకోలేదు. భార్య ఆడమనిషన్న సంగతిలో ఎవరికి అనుమానం వస్తుంది?

"ఓసారి మగవాళ్ళలో చూడరాదూ," అన్నాడాయన నవ్వకుండా. "దాని చెయ్యి నా వీపుమీద పడిందంటే ఏ మగాడి చెయ్యీ సాటిరాదు."

"మీసాలు కూడా ఉన్నాయా?"

"నాకంటే ఒత్తుగా. నొక్కు."

మూడు రోజులుగా ఎండిపోయిన ఆ మొహంలో ఒక్క నవ్వు చూద్దామని నొక్కాను.

ఒక వరుస వచ్చింది. M. సుమారు అరవై. కుడి చిటికెన వేలు లేదు, పాత గాయం. నెరిసిన జడ.

యాదిరా నా భుజం మీదుగా వంగి చూసింది. "ఇది ఎవరు పంపారు, నెరెయో?"

"పెద్దాసుపత్రి."

"వాళ్ళ ఫారం చూశావా నువ్వు?"

చూళ్ళేదు. శిబిరాల ఫారంలో M అంటే మా స్పానిష్‌లో మస్కులీనో, మగ. ఆడవాళ్ళకి F, ఫెమెనీనో. ఆసుపత్రి ఫారంలో M అంటే ముహేర్, ఆడమనిషి. మగవాళ్ళకి H, ఓంబ్రే. మా దేశంలో రెండు పద్ధతులూ చెల్లుతాయి, బడిపిల్లలకి కూడా తెలుసు. జాబితాలో H లు కనబడ్డప్పుడు వాళ్ళూ మగవాళ్ళేగా అని M లతో నేనే కలిపేసి, నా తెలివికి మురిసిపోయాను. అక్కడ మగవాడు H అయితే మరి M ఎవరు అని మాత్రం అడగలేదు.

వరుసని పూర్తిగా తెరిచాను. చేర్చింది శనివారం. చివర నర్సు రాసింది: ‘స్పృహ వస్తోంది, పోతోంది. మెలోన్ అడుగుతోంది. పళ్ళు లేవని చెప్పాం.’ మెలోన్ అంటే కర్బూజా. దాని కింద, నిన్న సాయంత్రం తేదీతో, ఒక్క మాట: ‘చనిపోయింది.’

దోన్ మెలితోన్ పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదివాడు.

"అది కర్బూజా తినదు. నోరు దురద," అన్నాడు. తెరమీద ఆ మాట మీద వేలు పెట్టి, "మూతి వాచినవాళ్ళు మెలితోన్ అంటే అట్లాగే వినబడుతుందేమో," అన్నాడు.

నేను కీబోర్డు వైపే చూస్తున్నాను.

"మూడు రోజులూ ఆడమనిషనే చెప్పాగా, ఇంజె?"

"అవును, దోన్ మెలితోన్."

"నేనేమైనా తప్పు చెప్పానేమోనని."

యాదిరా తన కారు తాళాలు తీసుకుని ఆయన్ని లేవదీసింది. గుమ్మం దగ్గర ఆయన ఆగాడు.

"అక్కడ శవాల గది కిటికీలో ఏమని అడగాలమ్మా? ఆడమనిషి అంటే మళ్ళీ లేదంటారేమో."

"ఉందంటారు," అంది యాదిరా. "వాళ్ళు సరిగ్గానే రాసుకున్నారు. తప్పు మాది."

వాళ్ళు వెళ్ళాక లైను మార్చాను. పంపింది ఆసుపత్రి అయితే, అక్షరం M అయితే, ఆడవాళ్ళలో చూపించు. రెండు షరతులు, అరనిమిషం పని. ‘ఆడ’ గడి నొక్కితే కొత్తగా నలభై ముగ్గురు వచ్చారు. పంతొమ్మిది మంది పక్కన ‘బతికే ఉంది’ అని ఉంది, ఆ మాట రాసి ఎంతసేపైందో లేదు.

తలుపు తీసి, నిన్నా మొన్నా నా దగ్గర సున్నా తీసుకుని వెళ్ళి ఇంకా వరండాలోనే కాచుకున్నవాళ్ళందరినీ మళ్ళీ లోపలికి పిలిచాను.