ఐదు రోజుల మాత్రలు

నాగశ్రీ నెత్తళ్ళ చేపల తలలు గిల్లి చేటలో వేస్తోంది. సగం అయ్యేసరికి మావగారు గురునాథరావు ఆసుపత్రి నుంచి వచ్చి, రిపోర్టు కవరు బల్ల మీద పడేసి, పక్కనే చతికిలబడ్డాడు.

"ఏటమ్మా, నెత్తళ్ళా? నాకు మళ్ళీ వాసన తెలట్నేదు."

ఆ ముక్కు మీదే ఆయన బతుకు. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటమనిషి. పోయిన నెల పప్పు అడుగంటి మాడినా పసిగట్టలేకపోయాడు. ముక్కు బాగు చేయించుకో, లేదంటే ఇంటికి పో అన్నాడు సూపర్‌వైజరు.

"రిపోర్టులో ఏటొచ్చింది?" వంటింట్లోంచి అడిగింది అత్తగారు సూర్యకాంతమ్మ.

"ఇసినోఫిల్సో ఏటో, నెత్తుర్లో ఓ రకం కణాలట. అవి ఎక్కువుంటే ముక్కులో వాపు ఓ రకం, నేకపోతే ఇంకో రకం. నాకు తక్కువేనట. మూడు నెలలు యాంటీబయాటిక్ రాసేరు."

"మూడు నెలలా! మా కోడలు మాత్రలు అయిదు రోజులకే పన్జేసినాయి. మందుల షాపులో సేత్తంది మరి! వీధంతా సెప్పేను."

నాగశ్రీ వేళ్ళు ఆగిపోయాయి. డాక్టరు చీటీ లేకుండా, షాపు యజమానికి తెలియకుండా తాను తెచ్చిన స్టెరాయిడ్ మాత్రలవి. ఆఖరిది మింగిన మర్నాడే ఆయన పరీక్షకు రక్తమిచ్చాడు. ఆ మాత్రలు సరిగ్గా ఆ కణాలనే అణిచేస్తాయని ఆమెకు తెలుసు. ఆ రోజు, ఇంట్లో మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరు అడిగితే మావగారు లేదన్నాడు. పక్కనే కూర్చున్న తాను నేలచూపులు చూసింది.

"మావయ్యా, ఆ రిపోర్టు తప్పు. నానిచ్చిన మాత్రల వల్లే తక్కువొచ్చింది. ఈ మందు మీకు పన్జెయ్యకపోవచ్చు."

సూర్యకాంతమ్మ గరిటెతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

గురునాథరావు ఆశ్చర్యపోలేదు. "నాను నేదన్నది నీ కోసమేనమ్మా. నీ పేరు బయటికొత్తే షాపోడు ఉంచుతాడేటి? ఊరుకో. వంటకి పనికిరాపోతే గిన్నెలు తోముకుంటాను. వాటికి ముక్కెందుకు?" అని నవ్వాడు.

తిట్టినా బాగుండేది. ఆ నవ్వు ముందు ఆమె తల ఎత్తలేకపోయింది.

లేచి చేతులు కడుక్కుంది. బల్ల మీది కవరు అందుకుని, తన సంచిలో దాచిన ఆ మాత్రల ఖాళీ అట్టను అందులో పెట్టింది. డాక్టరు ఒంటిగంట దాకా ఉంటారు.

"ఎక్కడికే?" అంది సూర్యకాంతమ్మ.

నాగశ్రీ చెప్పులు వేసుకుని గడప దాటింది.