మూడు వయొలిన్లు, ఒక గురక

కోడలు వయొలిన్ లోపలికి టార్చి వేసి చూడడం అది నాలుగోసారి.

"లోపల ఏమైనా పడిపోయిందా మేడమ్?" అన్నాడు అమ్మేవాడు.

"అతుకులు చూస్తున్నా."

"ఇందాక చూసినవీ అతుకులే కదా?"

"ఇందాక ఎడమ పక్కవి."

అతను నీలం సఫారీ సూట్లో ఉన్నాడు. అత్తాకోడళ్లు వచ్చినప్పటి నుంచీ అతను కూర్చోలేదు. మూడో అంతస్తులోని ఆ ఫ్లాటు ముందుగదిలో సోఫాకి కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. దాని మీద అత్తగారు చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ కదిలినప్పుడల్లా కవరు కిర్రుమంటోంది.

ఆ వయొలిన్ తనదేనని కోడలి అనుమానం. నాలుగు నెలల కిందట, రిహార్సల్ హాల్లో, ఆమె టీ తాగి వచ్చేలోగా అది పెట్టెతో సహా మాయమైంది. అప్పటి నుంచీ అరువు వయొలిన్‌తో నెట్టుకొస్తోంది. ఆ అరువుది ఎంత బతిమాలినా రేకుడబ్బా మీద గోరు గీసినట్టే పలుకుతుంది. సోమవారం ఆర్కెస్ట్రాలో పర్మనెంటు ఉద్యోగానికి పరీక్ష. ఖాళీ ఒక్కటే. ఆ రేకుడబ్బాతో వెళ్లినా ఒకటే, మానేసినా ఒకటే.

నిన్న సెకండ్‌హ్యాండ్ సామాన్ల ప్రకటనల్లో ఒక ఫొటో కనబడింది. వెనక చెక్క మీద ఎర్రటి పులిచారలు. అలాంటి చారలు ఇంకా చాలా వయొలిన్లకి ఉంటాయని ఆమెకి తెలుసు. అయినా మరిదికి ఫోన్ చేసింది. మరిది పోలీసు ఇన్‌స్పెక్టరు.

"చారలు చూసి ఎవణ్ణీ పట్టుకోలేను వదినా," అన్నాడతను. "కొనేదానిలా వెళ్లు. నీదో కాదో తేల్చుకో. నేనొచ్చేదాకా వాణ్ణి కదలనివ్వకు. అమ్మకి మాత్రం చెప్పకు."

చెప్పలేదు. అత్తగారి దగ్గర మాట దాగదు. కానీ బేరమాడడం కోడలికి చేతకాదని కూడా ఇంట్లో అందరికీ తెలుసు. కిందటేడు ఇస్త్రీపెట్టెకి షాపువాడు చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చి వచ్చింది. అందుకని అత్తగారు చెప్పులేసుకుని ఆమె కంటే ముందే లిఫ్టు దగ్గర నిలబడింది.

తీరా చూస్తే, వయొలిన్‌లో మార్చగలిగినవన్నీ మారిపోయి ఉన్నాయి. తీగలు కొత్తవి. తీగలు బిగించే బిరడాలు కొత్తవి. గడ్డం ఆనించే చెక్క కొత్తది. లోపల తయారీదారు పేరు కాగితం ఉండాల్సిన చోట జిగురు మరక ఉంది. తన గాజు గీసిన గీత ఉండాల్సిన చోట తాజా వార్నిషు ఉంది.

"మా నాన్నగారిదండీ," అన్నాడు సఫారీ. "చిన్నప్పుడు నేను నేర్చుకుంది దీని మీదే. అమ్మాలంటే చెయ్యి రావట్లేదు."

"చెయ్యి రాకపోతే ఉంచుకో నాయనా," అంది అత్తగారు. "వస్తే ధర చెప్పు."

చెప్పాడు. అత్తగారు చిన్నగా నవ్వింది. అతను కొంత తగ్గించాడు. ఆవిడ చేతిసంచి జిప్పు మూసింది. ఇంకొంత తగ్గించాడు. మరిది వచ్చేదాకా సాగాల్సిన బేరం, మరిది జీపెక్కే లోపే ముగిసిపోయేలా ఉంది.

"అత్తయ్యా, నేనింకా పూర్తిగా చూడలేదు."

"చూడ్డానికేముంది? చెక్క చెక్కలా ఉంది. పెట్టె, కమాను, పైన ఒక సెట్టు తీగలు కూడా ఇస్తానంటున్నాడు."

"తీగలిస్తానని నేననలేదండీ," అన్నాడు సఫారీ.

"అంటావు. ఇంకేం చూడాలే?"

"మెడ వంకర ఉందేమో."

"ఏదీ." అత్తగారు లేచొచ్చి, ఒక కన్ను మూసి వయొలిన్ మెడ పొడవునా చూసింది. "నీ మొగుడి మెడ కంటే తిన్నగా ఉంది. ఇంకా?"

"వాయించి చూడాలి."

"అయితే నేను వంటింట్లో మంచినీళ్లు తాగుతూ ఉంటా. నువ్వు వాయిస్తుంటే ఎదురుగా కూర్చునే ఓపిక నాకు లేదు." ఆవిడ వెళ్లి తలుపు వేసుకుంది.

వయొలిన్‌లో దొంగ మార్చలేనిది ఒకటి ఉంది. కోడలి వయొలిన్‌కి పుట్టుకతో ఒక జబ్బు. లావు తీగ మీద పైకి వెళ్తుంటే ఒకచోట స్వరం నిలవదు. గుర్రుమని వణుకుతుంది. ఆ గుణం చెక్కలోనే ఉంది. తీగలు మార్చినంత మాత్రాన పోదు. ఇంట్లో అందరూ దాన్ని గురక అంటారు.

ఆమె లావు తీగ మీద మెల్లగా పైకి వెళ్లింది. ఆ చోటు వచ్చింది. స్వరం నున్నగా దాటిపోయింది. మళ్లీ వాయించింది. గురక లేదు. మూడోసారీ లేదు.

ఇది తనది కాదు. ఎవరో తండ్రి వయొలిన్ అమ్ముకుంటుంటే అతని మీదికి పోలీసుల్ని పిలిచింది. మరిదికి రావద్దని చెప్పాలని ఫోన్ తీసింది.

వంటింటి తలుపు తెరుచుకుంది.

"దీనికోసమా ఇంత సేపూ గొంతు నొప్పి పెట్టుకున్నా?" అంది అత్తగారు. చేతిలో గ్లాసు ఉంది. "ఇదీ గురకే పెడుతోంది కదే."

"ఎక్కడత్తయ్యా? నాకేం వినపడలేదే."

"నీకేం, చెవి కింద పెట్టుకుని వాయించుకుంటావు. ఇంట్లో గోడ అవతల మంచం నాది. అచ్చం మన పాతది పెట్టినట్టే పెడుతోంది. డబ్బులిచ్చి మళ్లీ అదే రోగం కొంటావా?"

కోడలు ఫోన్ జేబులో పెట్టేసింది. ఇన్నేళ్ల అలవాటులో, ఆ చోటు రాగానే ఆమె చెయ్యి తనకి తెలియకుండానే మెత్తబడుతోంది. చెవి పక్కన అంతా నున్నగానే ఉంది. గురక మాత్రం పోలేదు, గోడ దాటి వెళ్తోంది.

"పాతది ఏమైందండీ?" అన్నాడు సఫారీ.

"ఎవడో ఎత్తుకుపోయాడు నాయనా. వాడి చేతులు పడిపోను."

సఫారీ తన చేతుల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"ఇది నేను అమ్మట్లేదండీ. నాన్నగారు గుర్తొస్తున్నారు," అంటూ ముందుకొచ్చాడు. "ఇలా ఇవ్వండి."

కోడలు వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని వాయించడం మొదలుపెట్టింది. వాయిస్తున్న మనిషి దగ్గర్నుంచి వయొలిన్ లాగితే మెడ విరుగుతుంది. వయొలిన్ మెడ. విరిగిన వయొలిన్‌ని ఎవరూ కొనరని సఫారీకీ తెలుసు. అతను రెండు చేతులూ చాచి ఆమె చుట్టూ తిరిగాడు. ఆమె వాయిస్తూ సోఫా చుట్టూ తిరిగింది.

"ఆపండి మేడమ్."

"ఇంకా పరీక్ష అవలేదండీ."

"బేరం కుదిరాక వెనక్కి పోతావేం?" అంది అత్తగారు. ధర పెంచడానికి వేస్తున్న ఎత్తని ఆవిడ లెక్క. కొంటావా అని తనే అన్న మాట మర్చిపోయి, ఖాళీ పెట్టె తీసుకుని చంకలో పెట్టుకుంది. "మాటంటే మాటే."

కాలింగ్ బెల్ మోగింది. ఈ గోలకి కింది వాటా వాళ్లు వచ్చారనుకుని సఫారీ తలుపు తీశాడు. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు, వెనక ఒక కానిస్టేబుల్.

"నువ్వేంట్రా ఇక్కడ?" అంది అత్తగారు. "ఏమైనా తిన్నావా?"

"డ్యూటీలో ఉన్నానమ్మా."

"డ్యూటీలో ఉంటే ఆకలెయ్యదా?"

సంగతంతా విని ఆవిడ కోడలి వైపు తిరిగి, "నాకు ముందే చెబితే ఇంకా తక్కువకి అడిగేదాన్ని," అంది.

పడగ్గది అలమారలో కానిస్టేబుల్‌కి మరో రెండు వయొలిన్లు దొరికాయి.

"అవి మా బాబాయిలవి సార్," అన్నాడు సఫారీ.

ఇన్‌స్పెక్టరు వదినని పక్కకి పిలిచాడు. "ఫిర్యాదు నీది. సాక్షి అమ్మ. పట్టుకుంది నేను. ఇలాగే కోర్టుకెళ్తే నవ్వి పంపిస్తారు. నీ వస్తువేనని నువ్వు గాక ఇంకెవరైనా తేల్చాలి."

"నేను తేల్చానుగా," అంది అత్తగారు.

"అందుకే అమ్మా, ఇప్పుడు నువ్వు వంటింట్లోకి వెళ్లు."

ఆవిడ వెళ్లింది. తోడుగా కానిస్టేబుల్ వెళ్లి తలుపు మూశాడు. ఇన్‌స్పెక్టరు మూడు వయొలిన్లూ సోఫా మీద వరసగా పెట్టించి సఫారీ వైపు తిరిగాడు.

"చిన్నప్పుడు నేర్చుకున్నానన్నారుగా. మీరే వాయించండి. లావు తీగ. కింది నుంచి పైదాకా."

సఫారీ కమానుని గరిటె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మొదటి వయొలిన్ మీద ఒక గీత గీశాడు.

"అది కాదు," అంది వంటింట్లోంచి అత్తగారు. "ఎవర్రా అది వాయించేది, ఆ వేళ్లకేమైనా దెబ్బ తగిలిందా?"

రెండోది తీశాడు.

"కాదు."

మూడోది. అతని వేలు ఆగి ఆగి, తడబడుతూ పైకి పాకింది. ఆ చోటు వచ్చింది. మెత్తబడడం తెలియని చేతి కింద వయొలిన్ గుర్రుమంది. ఈసారి ముందుగదిలో అందరికీ వినబడింది.

"అదే."

ఇన్‌స్పెక్టరు వరస మార్చాడు. అత్తగారు మళ్లీ అదే చెప్పింది. ఈసారి వరస మార్చకుండా అదే వయొలిన్ని వెంటవెంటనే రెండుసార్లు వాయించమని సైగ చేశాడు.

"మళ్లీ అదే ఇచ్చారేం? మిగతావి అయిపోయాయా?"

కానిస్టేబుల్ బయటికొచ్చి, "పెద్దావిడ కిటికీ వైపే చూస్తూ నిలబడ్డారు సార్. ఇటు తిరగను కూడా లేదు," అన్నాడు.

సఫారీ కమాను కింద పెట్టి, ఆ రోజు మొదటిసారిగా సోఫా అంచున కూర్చున్నాడు. ప్లాస్టిక్ కవరు కిర్రుమంది. బాబాయిలెవరూ లేరని ఒప్పుకున్నాడు.

"దొంగసొమ్ము స్టేషన్లో ఉండాలి వదినా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కోర్టు చెప్పేదాకా."

"సోమవారం నా పరీక్ష."

అతను బూట్ల వైపు చూసుకున్నాడు. "పూచీకత్తు మీద ఇవ్వచ్చు. ఎవరైనా పెద్దవాళ్లు సంతకం పెట్టాలి. అడిగినప్పుడు తెచ్చి చూపించాలి. అందాకా అది ఇంట్లోనే ఉంటుంది."

ఇద్దరూ అప్పుడే వంటింట్లోంచి వచ్చిన అత్తగారి వైపు చూశారు. ఈ నాలుగు నెలలూ మధ్యాహ్నం పూట హాయిగా నిద్రపోతున్నానని ఆవిడ చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పింది. ఇప్పుడు పెట్టెని ఇటు చంకలోంచి అటు చంకలోకి మార్చుకుంది.

"పెన్ను ఇవ్వరా," అంది.

ఆ సాయంత్రం కోడలు తలుపేసుకుని సాధనకి కూర్చుంది. పరీక్ష చేసేవాళ్లు హాలు ఆ చివర, తెర వెనక కూర్చుంటారు. ఇన్నేళ్లూ ఆమె తన చెవి పక్కన ఏం వినపడుతోందో అదే చూసుకుంది. లావు తీగ మీద పైకి వెళ్లింది. ఆ చోటు దాటింది. గోడ మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"ఉంది," అంది అవతల నుంచి అత్తగారు.

ఆమె మోచెయ్యి కిందికి దించి, కమాను జరిపి మళ్లీ వాయించింది.

"ఇంకా ఉంది. తగ్గింది."

మళ్లీ వాయించింది. మళ్లీ. అవతల నుంచి ఇక ఏ మాటా రాలేదు. పాపం, నిద్రపోయి ఉంటుందని కోడలు వయొలిన్ పక్కన పెట్టి, చప్పుడు కాకుండా వెళ్లి చూసింది.

అత్తగారు మంచం మీద మఠం వేసుకుని, గోడకి చెవి ఆనించి కూర్చుని ఉంది.

"ఆపావేం?" అంది.