తీసివేతలో మిగిలిన వెయ్యి యాభై

మా ఆడపడుచు మొగుణ్ణి ఇంట్లో అందరూ ఇంజనీరు అంటారు. చేసేది చెప్పుల వ్యాపారం. ఎప్పుడో ఆగిపోయిన ఫ్యాను రెక్కను చేత్తో నెడితే తిరిగిందట, ఆ బిరుదు అలా అంటుకుపోయింది. నేను కరెంటు ఆఫీసులో మీటర్లు చూస్తాను. రోజుకు రెండొందల ఇళ్ల యూనిట్లు రాసుకొస్తాను. ఆ సంగతి మా ఇంట్లో ఒక్కరికీ గుర్తుండదు.

మా అత్తయ్యకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆక్సిజన్ మిషను ఆగితే అయిదు నిమిషాల్లో ఆవిడ పెదాలు నల్లబడతాయి. మర్నాడు పొద్దున పది నుంచి నాలుగు దాకా కరెంటు తీసేస్తారని తెలిసి, సిలిండరు తెప్పిద్దామన్నాను.

"ఎందుకమ్మా అనవసరంగా?" అన్నాడు ఇంజనీరు సోఫాలో వెనక్కి వాలి. "ఇన్వర్టరు పద్నాలుగు వందల వాట్లు. అత్తగారి మిషను మూడొందల యాభై. తీసెయ్. ఇంకా వెయ్యి యాభై మిగుల్తుంది!"

"అది ఎంత బరువు లాగుతుందనే లెక్క అన్నయ్యగారూ. ఎంతసేపు లాగుతుందో బ్యాటరీ చెప్పాలి. మన బ్యాటరీలో ఉన్నది మహా అయితే ఒకటిన్నర యూనిట్లు. ఆరు గంటలకు మిషనొక్కదానికే రెండు దాటుతుంది."

"యూనిట్లు బిల్లుకమ్మా. ఇంటికి వాట్లు," అన్నాడు.

అందరూ నవ్వారు. మా ఆయన మరీ గట్టిగా నవ్వాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి పక్కన నవ్వేవాళ్లు కూడా ఉంటే ఇంకేం కావాలి! ఒళ్లు మండిపోయింది. మీ ఖర్మ అనుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. సిలిండరు రాలేదు.

మర్నాడు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. పదింటికి కరెంటు పోయింది. పదకొండున్నర దాటాక పక్క గదిలోంచి వేడి బట్టల వాసన వచ్చింది. వెళ్లి చూస్తే మహానుభావుడు చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అప్పటికే అయిదు మడతపెట్టాడు.

"మిగిలిన వెయ్యి యాభై ఊరికే ఎందుకు పోవాలి?" అన్నాడు.

నేను ప్లగ్గు పీకేలోపే అత్తయ్య గదిలో మిషను కీచుమని అరిచి ఆగిపోయింది.

లిఫ్టు లేదు. అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, మా ఆయన ఒక వైపు, ఇంజనీరు ఒక వైపు పట్టుకుని నాలుగంతస్తులు దించారు. ఇంజనీరు మెట్టుమెట్టుకీ ఆయాసపడ్డాడు. అత్తయ్యకు ఆయాసపడే ఓపిక కూడా లేదు. పెదాలు నేరేడు పండులా అయిపోయాయి. ఎదురు వీధిలోని క్లినిక్కులో నర్సు మాస్కు పెట్టింది. చాలాసేపటికి గానీ ఆవిడ వేళ్లు కదల్లేదు.

జరిగింది విని నర్సు మావైపు తిరిగి కోపంగా అడిగింది, "బ్యాటరీ అంతసేపు రాదని మీలో ఒక్కరికీ తెలీదా?"

ఇంజనీరు నేల చూశాడు. మా ఆయన గోడ చూశాడు. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఇన్నాళ్లకు నా మాట వినడానికి అందరూ ఒక్కచోట దొరికారు.

"నాకు తెలుసు," అన్నాను తలెత్తి.

నర్సు నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"తెలిసీ సిలిండరు తెప్పించలేదా?"

అత్తయ్య మాస్కు పైనుంచి కళ్లు తెరిచి నా వైపే చూస్తోంది. నలుగురు నవ్వితే ఉక్రోషం వచ్చి ఊరుకున్నానని ఆవిడ ముఖం మీద ఎలా చెప్పను?